పెద్దబాపు రాసిన అంగ్రేజీ ఉత్తరం

రాయదుర్గం మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో, పద్నాలుగో అంతస్తులో, మా అమ్మాయి వాళ్ళింట్లో ఉంటున్నాను. పక్క స్థలంలో మరో ఆఫీసు భవనానికి పునాదులు తవ్వుతున్నారు. పొద్దున తొమ్మిదింటి నుంచి యంత్రం రాయిని తొలుస్తూనే ఉంటుంది. దుమ్ము వస్తోందని మా అమ్మాయి బాల్కనీ తలుపు వేసేసి ఆఫీసుకు పోతుంది, ఆమె లిఫ్టు దిగిందని తెలియగానే నేను వెళ్ళి తీసేస్తాను. పగిలిన రాయికి ఒక వాసన ఉంటుంది. అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటూ, తొలకరికి తడిసిన మట్టి చల్లదనమూ కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, నాకు తొమ్మిదేళ్ళు వచ్చేస్తాయి. ఎనభై దాటిన మనిషికి ఇంత సుళువుగా దొరికే సుఖం ఇంకేముంటుంది, దుమ్మూ దగ్గూ అని నాకెవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడిది ఊరు. నలభైల చివరి రోజులు, నవాబుల రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చి ఏడాదో ఏడాదిన్నరో అయింది. ఊళ్ళో ఇళ్ళకంటే బండలే ఎక్కువ. మా ఇంటి వెనక గోడ అసలు గోడే కాదు, పెద్ద బండ. దానికి ఆనించి మిగతా మూడు గోడలూ కట్టుకున్నారు మా తాతలు. ఎండాకాలం పగలంతా అది కాగి కాగి, సాయంత్రం మా అవ్వ నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరిస్తే సుయ్యిమని ఆవిరి లేచేది. వానాకాలం దాని మీద లంగాలు చిరిగేదాకా జారేవాళ్ళం, చిరిగినందుకు దెబ్బలు తినేవాళ్ళం, మర్నాడు మళ్ళీ జారేవాళ్ళం. బతుకమ్మ నాటికి గుట్టంతా తంగేడు పూత, ఇంటింటా మలీద ముద్దల బెల్లం వాసన. ఆ వెనకాలే సీతాఫలాల కాలం. కళ్ళు విచ్చిన కాయలు కోసుకొచ్చి జొన్నగడ్డిలో మాగేసి, ఏది పండిందో చూద్దామని గంటకోసారి నొక్కి నొక్కి, పండకముందే సగం పాడుచేసేవాళ్ళం. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు రాయి కొట్టేవాళ్ళే. మా బాపూ అంతే, మా మేనత్త సత్తెమ్మ భర్త అయిన మా మామా అంతే. మామకు వెనకాముందూ ఎవరూ లేరు కనుక అత్తా తనూ మా ఇంట్లోనే ఒక గదిలో కాపురం ఉండేవాళ్ళు.

మా ఇంట్లో ఉలి పట్టని మగవాడు ఒక్కరే, మా బాపుకు అన్న, మా పెద్దబాపు. చిన్నప్పుడు విరిగిన కాలు వంకరగా అతుక్కోవడంతో, ఈ పిల్లవాడు రాళ్ళ పనికి పనికిరాడని తాత ఆయన్ని పట్నంలో ఒక వకీలు దగ్గర పెట్టాడు. అక్కడ ఇరవై ఏళ్ళు గుమాస్తాగా కాగితాలు రాసి, ఉర్దూతో పాటు ఇంగ్లీషూ పట్టుకుని, వకీలు కాలం చేశాక ఒక రేకు పెట్టె, అట్ట లేని ఒక ఇంగ్లీషు పుస్తకం తీసుకుని ఊరికి తిరిగొచ్చాడు. మాటకు ఎన్ని రకాలుగా సింగారం చేయవచ్చో చెప్పే పుస్తకమది. ముందు పేజీలు చెదలు తినేశాయి కనుక దాన్ని రాసిందెవరో ఆయనకే తెలియదు. పొద్దునపూట అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి సిమిలీ, మెటఫర్, హైపర్‌బలీ, ఐరనీ అని వల్లె వేయించేవాడు. ఏబీసీడీలు పూర్తిగా రాని మేము అలంకారాలు అప్పజెప్పేవాళ్ళం. ఇకమీదట ఉర్దూ పోయి అంగ్రేజీ వస్తుందనీ, ఈ పేర్లు తెలిసినవాళ్ళకు కొలువులు ఖాయమనీ ఆయన నమ్మకం.

పుస్తకంలో ఉదాహరణలన్నీ మంచు మీద, ఓడల మీద, మేమెన్నడూ చూడని పిట్టల మీద. మంచంటే ఎట్లుంటదని అడిగితే పెద్దబాపు కాస్త ఆలోచించి, "తెల్లగుంటది, సల్లగుంటది, ఇగ సాలు" అనేవాడు. ఒకరోజు ఆయనకే విసుగొచ్చి పుస్తకం మూసేశాడు. "పేరు నేను చెప్త, దానికి తగ్గ మాట మనూర్ల ఎవల నోట్లనన్న ఉన్నదేమో దేవులాడుకొని రాండ్రి" అన్నాడు. తెచ్చిన మాటకు బెల్లం ముక్క. మిగతా పిల్లలు రెండు రోజులు తిరిగి, విసిగి, గచ్చకాయల ఆటకు పోయారు. నాకు మాత్రం ఆ పిచ్చి పట్టుకుంది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ వదల్లేదు.

హైపర్‌బలీ అంటే అతిశయోక్తి. దానికోసం గడప దాటక్కర్లేదు, మా అవ్వ ఉంది. "వెయ్యిమాట్ల చెప్పిన" అని ఆమె అరిచినప్పుడల్లా నేను లెక్కపెడితే మూడుకు మించేది కాదు. రాళ్ళ దగ్గరికి బాపుకు సద్ది తీసుకుపోతే అక్కడ ఇంకో రకం దొరికింది. గీత గీసినచోట చీలని రాయి అలిగిందనేవాళ్ళు, చక్కగా విచ్చుకున్న రాయి మాట విన్నదనేవాళ్ళు. ప్రాణం లేనిదాన్ని మనిషిని చేయడం పర్సానిఫికేషన్ అని చెప్పి పెద్దబాపు రెండు ముక్కలిచ్చాడు. పొద్దుగూకాక ఇల్లు చేరితే మా అమ్మ "అబ్బ, ఎంత జల్ది వచ్చినవు బిడ్డా" అనేది. అది ఐరనీ, దానికి అమ్మ దగ్గర వీపు మీద ఒకటి, అరుగు మీద బెల్లం ఒకటి. చప్పుళ్ళను మాటలు చేసే అలంకారానికి పుస్తకంలో అయిదారు ఉదాహరణలుంటే, మా అవ్వ పులుసు కాచి తాలింపు వేసేలోపు బుడబుడా చిటపటా గలగలా అని పది తెచ్చిచ్చింది. యూఫెమిజం అంటే చేదు సంగతిని మెత్తటి మాటలో చుట్టి చెప్పడమని వివరించగానే నాకు నవ్వు ఆగలేదు, మా ఇంట్లో ఆడవాళ్ళు వేరేలా మాట్లాడితే కదా. మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. వెళ్ళేవాళ్ళు పోతామనరు, పోయొస్తామంటారు. "అంగ్రేజోళ్ళు పేర్లు పెట్టిన్రు గని సరుకంత మనదగ్గరనే ఉన్నది" అని పెద్దబాపు మురిసిపోయాడు.

దొరకనిది ఒక్కటే, అపాస్ట్రఫీ. ఎదుట లేని మనిషిని ఎదుటే ఉన్నట్టు పిలిచి మాట్లాడటమట. అటువంటి పని ఎవరు చేస్తారని వారంపాటు ఊరంతా తిరిగాను, చివరికి మా వంటింట్లోనే దొరికింది. ఆ ఏడు వానలకు ముందు మామ రాయి పేల్చే ముఠాతో కలిసి ఎక్కడో దూరాన కొత్త రోడ్డు పనికి వెళ్ళాడు. దసరాకు వస్తానన్నవాడు రాలేదు. సీతాఫలాలు కూడా అయిపోవచ్చాయి, కబురు లేదు. ఒక సాయంత్రం అత్త పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతూ, తల తిప్పకుండానే, "ఇగో, ఇంటున్నవా? ఇంకోటి ఏస్తున్న" అంది. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. నేను గంతులేసుకుంటూ అరుగు మీదికి పరిగెత్తి అపాస్ట్రఫీ దొరికిందని పెద్దబాపుకు చెప్పాను. ఆయన బెల్లం ఇవ్వలేదు. "అది గీ లెక్కల ఎయ్యకు బిడ్డా" అన్నాడు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇగో, ఇంటున్నవా. అత్త మామను పిలిచే పిలుపు అదొక్కటే. మొగుడి పేరు పెళ్ళాం నోట పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని ఆ రోజుల్లో ఆడవాళ్ళందరికీ భయమే, కానీ మా అత్తది మరీ మొండి పట్టుదల. ఆ పేరు ఛాయ ఉన్న మాటను కూడా ఆమె నాలుక మీదికి రానివ్వదు. కొన్ని మాటలకు ఆమెకు సొంత మాటలుండేవి. మల్లెపూలను తెల్లపూలనేది. మేమంతా 'మల్ల' అనేచోట ఆమె మాత్రం 'ఇంకోపారి' అనేది. ఎందుకని అడిగితే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె ముందర ఆ పేరెత్తి ఆమెను ఇబ్బంది పెట్టడమెందుకని ఇంట్లో అందరూ వరసలతోనే సరిపెట్టుకున్నారు. అవ్వకు అల్లుడు, బాపుకూ పెద్దబాపుకూ బావ, మాకు మామ. అలా మా ఇంట్లో ఆయన పేరు ఏళ్ళ తరబడి ఎవరి నోటా వినబడలేదు. నాకైతే తెలియనే తెలియదు.

కార్తీకంలో ఆ ముఠాలో పనిచేసిన మనిషి ఒకడు వచ్చి చెప్పాడు. మందు అనుకున్నదానికన్నా ముందే పేలింది. కొందరు పోయారు, కొందరిని పట్నంలో పెద్ద దవాఖానకు మోసుకుపోయారు. మామ ఎటువైపు ఉన్నాడో అతనికి తెలియదు. అత్త ఏడవలేదు. అద్దం తీసుకుని బొట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, "నేను పోయి సూసొస్త" అంది. బాపు రాళ్ళ పని మీద ఊళ్ళో లేడు, పెద్దబాపు కాలు బండి ఎక్కనివ్వదు. ఒంటరిగా ఎలా పంపడమని నన్ను తోడిచ్చారు. పట్నం పోయే రాళ్ళ బండి రెండు రోజులకు గానీ లేదు. ఆ రెండు రోజులూ పెద్దబాపు దవాఖాన వాళ్ళకు ఇవ్వమని ఉత్తరం రాశాడు.

నవాబుల కాలంలో కచేరీల్లో ఇచ్చే దరఖాస్తులు ఇరవై ఏళ్ళు రాసిన చెయ్యి ఆయనది. సింగారం లేని కాగితాన్ని ఏ హోదా గల మనిషీ చదవడన్నది ఆయన నేర్చుకున్న విద్య. భాష మారింది కానీ పద్ధతి మారదని అనుకున్నాడు, పాపం. రెండు పుటల నిండా ఇంగ్లీషు రాసి, అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి తెలుగులో విడమరిచి చెప్పాడు. మామ మా ఇంటికి దీపమట, మా వాకిటికి స్తంభమట. ఆయన ఉలి మోగితే గుట్టలు చెవులు రిక్కించేవట. అత్త కన్నీళ్ళకు మూసీ పొంగిందట. ఓ మృత్యువా, ఆ దారిన రాకు, అని చావునే పిలిచి గదమాయించాడు. పుస్తకంలో ఉన్నవన్నీ ఆ రెండు పుటల్లో ఉన్నాయి. అవ్వ వెక్కివెక్కి ఏడ్చింది, మా అమ్మ ముక్కు చీదింది, నేను వేళ్ళ మీద ఒక్కో అలంకారమూ లెక్కపెట్టుకుని గర్వపడ్డాను.

బండి తోలేవాడు మమ్మల్ని పట్నం మొదట్లో సుంకం వసూలు చేసే నాకా దగ్గర దింపి, పొద్దు వాలేవేళకు అక్కడికే రమ్మన్నాడు. దారి అడుగుతూ దవాఖాన చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ కట్టడమంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు, ఫినాయిలు వాసనా ఎప్పుడూ పీల్చలేదు. కింద బల్ల ముందు ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు, కొత్తగా కోస్తా వైపు నుంచి వచ్చినవాడని మాట వినగానే తెలిసింది. ఉత్తరం విప్పి మొదటి పుట చదివి కళ్ళజోడు సర్దుకున్నాడు, రెండో పుట చదివి వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఉత్తరం బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇంతకీ మనిషి పేరేంటి?"

అత్త నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను. రెండు పుటల్లో దీపముంది, స్తంభముంది, మూసీ నది ఉంది, పేరు లేదు. ఆ ఇంట్లో కూర్చుని ఆ ఉత్తరం రాసినవాడికీ, విన్నవాళ్ళకీ, ఒక్కరికి కూడా పేరు లేదన్న సంగతి తట్టలేదు. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుని నా చెవిలో, "నువ్వు చెప్పు" అంది. నాకు తెలియదంటే నమ్మలేదు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు గొణుగుతున్నారు. గుమాస్తా విసుక్కోలేదు. "మా అమ్మ కూడా ఇంతేనమ్మా, కంగారు పడకు. ఏదో గుర్తు చెప్పు" అన్నాడు. అప్పుడు అత్త నేలచూపులు చూస్తూ, "పొద్దుమీకి ఇచ్చుకుంటయి సూడు, తెల్లపూలు…" అంది. అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. తెల్లపూలనడం, ఇంకోపారి అనడం, ఇన్నాళ్ళ నా వెతుకులాటలో నేను తీసిపారేసిన మాటలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. "మల్లయ్య!" అని గట్టిగా అరిచాను. అత్త చెవులు మూసుకుని తలూపింది.

గుమాస్తా రిజిస్టరు తిప్పాడు. రాయి పేలి గాయపడినవాళ్ళలో మల్లయ్యలు ముగ్గురున్నారు. ఎవరిది ఏ ఊరో రాసి లేదు. ఒకాయన ఇంటికి వెళ్ళిపోయాడన్నాడు. ఒకాయన దగ్గర వేలు ఆగింది, ఆయన లేడన్నాడు. ఇంకొకాయన పైన వార్డులో ఉన్నాడన్నాడు. ఇంటికి వెళ్ళినవాడు మా మామే అయితే ఇంటికే వచ్చేవాడు. మిగిలింది రెండు. మెట్లెక్కుతున్నప్పుడు అత్త చెయ్యి నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆమె గాజుల గుర్తులు నా చర్మం మీద పడ్డాయి.

పైన పొడవాటి హాలు, రెండు వరసల మంచాలు, గడ్డాల దాకా దుప్పట్లు, సగం తలలకు కళ్ళు కూడా కనబడకుండా తెల్లటి కట్లు. అది మగవాళ్ళ వార్డు, ఊరికే లోపలికి పోనివ్వరు. గుమ్మంలో నర్సమ్మ ఆపి, "ఏ మంచం మీద ఎవలున్నరో పేర్లు లెవ్వు, ఈడనుంచే పిలువు. పలికితే తోల్కపోత" అంది. నేను "మామా" అని కేకేశాను. నాలుగు తలలు లేచాయి. లోకంలో అందరికీ మేనకోడళ్ళుంటారని నాకప్పుడే తెలిసింది. ఆ కట్ల తలలు నా వైపు తిరిగేసరికి భయమేసి అత్త వెనక దాక్కున్నాను. నర్సమ్మ అత్త భుజం మీద చెయ్యి వేసింది.

"పేలుడుకు చెవులు కూడ పాడైనయమ్మా. తెల్సిన గొంతైతెనే గుర్తుపడ్తరు. నువ్వే పిలువు, పేరు పెట్టి, జర గట్టిగ."

అత్త గుమ్మం చెక్క పట్టుకుంది. పిలిస్తే ఆయుష్షు తరుగుతుంది, పిలవకపోతే ఆయన ఉన్నాడో లేడో తెలియదు. తర్వాత కళ్ళు మూసుకుని, "మల్లయ్యా" అంది. ఆ మూడక్షరాలు ఆమె నోట ఎలా ఉన్నాయో నేను చెప్పలేను, కొత్తగా మాటలు నేర్చిన పిల్ల అన్నట్టున్నాయి. ఎవరూ పలకలేదు. రెండోసారి హాలంతా మోగేలా పిలిచింది. ఎవరూ పలకలేదు. నర్సమ్మ తల దించుకుంది. అత్త గుమ్మంలోనే కూలబడింది. అక్కడ కూర్చుని, ఎవరితోనూ కాదు, పొయ్యి ముందు రొట్టెతో మాట్లాడినట్టు మెల్లగా అంది: "ఇగో… ఇంటున్నవా?"

కిటికీ పక్క మంచం మీద కట్లు కట్టిన తల ఒకటి కదిలింది. "ఆ, ఇంటున్న" అన్నాడు మామ.

ఆ తర్వాత ఎవరెంత ఏడ్చారో రాయను. ఒక కన్ను పోయింది, రెండో కన్ను మసకగా మిగిలింది. పదిహేను రోజుల తర్వాత రాళ్ళ బండి మీదే ఇంటికి తెచ్చుకున్నాం. పెద్దబాపు నన్ను పక్కకు పిలిచి, ఉత్తరం చదివి ఏమన్నారని ఆశగా అడిగాడు. బ్రహ్మాండంగా ఉందన్నారని చెప్పాను. ముఖం విప్పారింది. పేరు లేదన్నారని కూడా చెప్పాను, పిల్లను కదా, దాచుకోవడం రాదు. ఆయన అరుగు మీద కాలు నిమురుకుంటూ కూర్చున్నాడు. "అన్ని అలంకారాలు పెట్టిన గని మనిషిని పెట్టకపోతిని బిడ్డా" అన్నాడు. ఆ నెలంతా పుస్తకం పెట్టెలోంచి బయటికి రాలేదు.

నన్ను మాత్రం ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. హాలు మోగేలా పిలిస్తే వినబడని మనిషికి, గుమ్మంలో కూర్చుని గొణిగితే ఎలా వినబడింది? పెద్దబాపును అడిగితే, అలవాటైన పిలుపు చెవితో పని లేకుండా లోపలికి పోతుందన్నాడు. అప్పటికి సరే అనుకున్నాను. పన్నెండేళ్ళ తర్వాత, నా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, ఎండలో మంచం వేసుకుని మేకల గంటలు వింటున్న మామ పక్కన కూర్చుని నేరుగా ఆయన్నే అడిగాను. మామ ముందు మాట దాటేశాడు. తర్వాత వంటింటి వైపు చెవి పెట్టి, అత్త దూరంగా ఉందని తేల్చుకుని, గొంతు తగ్గించాడు.

"ఇనపడ్డది బిడ్డా. మొదలు కల అనుకున్న. రెండోపారి ఆమెనే అని తెలిసింది. ఇంకోపారి పిలుస్తదేమోనని ఊకున్న."

అక్కడ ఆమె ప్రాణాలు పోతుంటే, ఇక్కడ ఈయన ముచ్చట తీర్చుకోవడానికి ఊరుకున్నాడన్నమాట. తిడదామనుకున్నాను, తిట్టలేకపోయాను. ఆ మసక కన్ను అంతలా మెరవడం నేను మళ్ళీ చూడలేదు. అత్తను కదిలిస్తే మాత్రం, "నేనెప్పుడన్న? నీకు కల వచ్చింది" అని కొట్టిపారేసింది. ఆ మాట అన్నట్టు చచ్చేదాకా ఒప్పుకోలేదు, కానీ ఆయన్ని పిలిచిన ఆ వారం వచ్చినప్పుడల్లా జీవితాంతం ఒక్కపొద్దు ఉంది. మామ ఇంకో ముప్ఫై ఏళ్ళు నిక్షేపంగా బతికాడు. అన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అరుగు లేదు, మా గోడగా నిలబడిన బండను పేల్చి కంకర చేశారు. సీతాఫలాలు గచ్చిబౌలి దాకా పోయి కొనుక్కుంటున్నాం. బియ్యం నిండుకోవడం లేదు, ఫోనులో ఆర్డరు పెడితే స్టాకు లేదంటోంది. మొగుడి పేరు పలకకూడదన్న భయం పోయినందుకు నాకేమీ బాధ లేదు, ఆడదాని నాలుకకు వేసిన తాళం అది, పోనీ. కానీ ఒక్క పేరు పలకడంలో అంత బరువు ఉండేదని ఇప్పుడెవరికి చెప్పినా నవ్వుతారు.

మొన్న లిఫ్టులో పై అంతస్తు అమ్మాయి కలిసింది, మెడలో ఆఫీసు కార్డు, చెవి దగ్గర ఫోను. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. ఒకసారి పిలిచింది, రెండోసారి పిలిచింది, అవతల ఉలుకూ పలుకూ లేదు. నా వైపు తిరిగి, "లిఫ్టులో వినపడదాంటీ" అంది.

"వినపడుతుందిలేమ్మా, ఇంకోసారి పిలువు" అన్నాను.